నీడ మాయమయ్యే రోజుకు ముందు, అమ్మణ్ణికి

అనంతపురం,
జూలై 20.

అమ్మణ్ణీ,

నువ్వు పంపిన జాబితా చూసినాను. ఎనిమిదో తరగతి పిల్లలతో ‘ప్రపంచ వింతలు’ గోడపత్రిక చేయిస్తానన్నావు, పదకొండు వింతలు రాసినావు. ఒక చార్టుకు పదకొండు ఎక్కువ. బొమ్మలకే జాగా అయిపోతుంది, కింద రెండు ముక్కలు రాయడానికి మిగలదు. నేనైతే మూడే ఉంచి, నువ్వు రాయనివి రెండు చేరుస్తా. బొమ్మ కింద ‘ఎంత ఆశ్చర్యమో’ అని మాత్రం రాయించొద్దు. ‘ఏది లేకపోతే ఇది జరగదు?’ అని రాయించి, దానికి పిల్లల చేత జవాబు రాయించు. ఈ ఒక్క ప్రశ్నతో సగం అబద్ధపు వింతలు వాటంతట అవే రాలిపోతాయి.

మొదట నడిచే రాళ్లు. అమెరికాలో కాలిఫోర్నియా డెత్ వ్యాలీలో రేస్‌ట్రాక్ ప్లాయా అని ఒక ఎండిన చెరువు నేల. ఎండాకాలం మన చెరువు అడుగు బీటలిచ్చినట్టే ఉంటుంది, కాకపోతే బల్లపరుపు. దాని మీద రాళ్లు తమంతట తాము జరిగినట్టు పొడుగాటి గాడులు ఉంటాయి, పక్కన మనిషి అడుగు గానీ జంతువు అడుగు గానీ ఉండదు. పెనుగాలి తోసిందని కొందరు, మందపాటి మంచుపలక రాయిని పైకెత్తి మోసిందని కొందరు చాలా ఏళ్లు వాదించుకున్నారు. రిచర్డ్ నారిస్, జేమ్స్ నారిస్, రాల్ఫ్ లోరెంజ్ బృందం 15 రాళ్లకు జీపీఎస్ అమర్చి అక్కడ పెట్టింది. 2013 డిసెంబరులో అవి కదలడం కళ్లారా చూసినారు, 2014లో ప్రచురించినారు.

ఏమేమి కలవాలో చూడు. చలికాలంలో వాన గానీ మంచు గానీ పడి నేల మీద కొన్ని సెంటీమీటర్ల నీళ్లు నిలవాలి. మంచుపలక తేలడానికి సరిపోవాలి, రాళ్లు మాత్రం మునగకూడదు. రాత్రికి ఆ నీళ్లు 3 నుంచి 6 మిల్లీమీటర్ల మందాన, కిటికీ అద్దమంత పలచగా, గడ్డకట్టాలి. పొద్దెక్కినాక ఎండకు అది పెద్ద పెద్ద పలకలుగా పగలాలి. అప్పుడు గాలి సెకనుకు 3 నుంచి 5 మీటర్లు వీచాలి. అంటే గంటకు 11 నుంచి 18 కిలోమీటర్లు, తీగ మీద ఆరేసిన పంచె ఊగేంత గాలి, అంతే. పలకలు రాయి వెనక చేరి నిమిషానికి 2 నుంచి 5 మీటర్ల చొప్పున బురదలో నెట్టుకుపోతాయి. దూరంగా నిలబడిన మనిషికి అది కదులుతున్నట్టే తెలియదు. ఆ చలికాలంలో ఒక రాయి మొత్తం 224 మీటర్లు పోయింది. నీళ్లు ఎక్కువైతే రాళ్లు మునిగిపోతాయి, మంచు మందమైతే పగలదు, గాలి రాకపోతే మధ్యాహ్నానికి అంతా కరిగిపోతుంది.

దీనికి తరగతిలో చేసే ప్రయోగం ఒకటి చలామణిలో ఉంది. ప్లాస్టిక్ డబ్బాలో 2 సెంటీమీటర్ల నీళ్లు పోసి, గులకరాయి సగం బయటికి ఉండేట్టు పెట్టి, ఫ్రీజరులో గడ్డకట్టించి, తిరగేసి ఇసుక పరిచిన నీళ్ల పళ్లెంలో తేలించి ఊదుతారు. రాయి ఇసుక మీద గాడి గీస్తుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. చేయించు, తప్పు లేదు. కానీ అది మంచు రాయిని మోసే పద్ధతి. 2013లో చూసింది పలచటి పలక వెనక నుంచి నెట్టడం. ఈ తేడా చార్టులో రాయకపోతే ప్రయోగం అబద్ధం చెప్పినట్టు అవుతుంది.

రెండోది వెనిజువెలా మెరుపులు. కటటుంబో నది మరకైబో సరస్సులో కలిసే చోట ఏడాదిలో దాదాపు 297 రాత్రులు ఉరుములు మెరుపులు. ఉపగ్రహం లెక్కల్లో అక్కడ చదరపు కిలోమీటరుకు ఏడాదికి 233 మెరుపులు తేలినాయి, భూమ్మీద ఇంతకు మించిన చోటు లేదు. కారణం మాత్రం మామూలుదే. సరస్సు నీళ్లు ఏడాది పొడుగునా వెచ్చగా ఉంటాయి, మూడు దిక్కుల కొండలు, తెరిచిన నాలుగో దిక్కు నుంచి కరీబియన్ సముద్రపు తేమగాలి. రాత్రి కొండల మీది చల్లగాలి కిందికి దిగి ఈ తేమగాలిని పైకి ఎత్తేస్తుంది, ఉరుము మబ్బు కడుతుంది. 2010 మొదట్లో కరువొచ్చి తేమ తగ్గితే మెరుపులు కొన్ని వారాలు ఆగిపోయినాయి కూడా. ‘ఏది లేకపోతే’ అన్న గడిలో ఇదే రాయించు. మిథేను వల్ల అని, యురేనియం వల్ల అని, ఓజోను పొరను అదే నిలబెడుతోందని రాసిన కాగితాలు పిల్లలు తెస్తారు. మూడూ వద్దు. ఓజోను సంగతే తీసుకో: ఆ మెరుపులకు నేలకు దగ్గర్లో పుట్టే ఓజోను అంత పైనున్న పొర దాకా చేరదు.

మెరుపుల మాట వచ్చింది కాబట్టి ఆ పక్కనే మన పిల్లలకు పనికొచ్చే లెక్క పెట్టించు. మెరుపు కనపడినప్పటి నుంచి ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కబెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్ల లోపు వినపడితే లోపలికి పోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట బయటికి రాకూడదు. శెనక్కాయ చేలో ఉన్నోళ్లు వానకు చెట్టు కిందికి పరిగెత్తుతారు, అదే పెద్ద తప్పు. ఇల్లు అందే దూరంలో లేకపోతే చెట్టుకు దూరంగా, రెండు పాదాలు దగ్గర పెట్టి గొంతుక్కూర్చోవాలి. పాదాలు ఎడంగా ఉంటే పక్కన పడిన పిడుగు కరెంటు నేలలో నుంచి ఒక కాలిలోకి ఎక్కి ఇంకో కాలిలో నుంచి దిగుతుంది. నాలుగు కాళ్లు ఎడంగా ఉండే పశువులు మంద మందగా చచ్చేది ఇందుకే. పుణె వాతావరణ సంస్థ వాళ్ల దామిని యాప్ చుట్టుపక్కల పిడుగుల హెచ్చరిక ఇస్తుంది, ఆ పేరు కూడా రాయించు.

మూడోది అంటార్కిటికాలో నెత్తుటి జలపాతం. టేలర్ హిమానీనదం అంచున మంచు మీద ఎర్రగా కారుతుంది. 1911లో గ్రిఫిత్ టేలర్ అనే భూగర్భ శాస్త్రవేత్త చూసినప్పుడు నాచు అనుకున్నారు. అది ఇనుము కరిగిన ఉప్పునీరు. సముద్రపు నీటి కన్నా చాలా ఉప్పన, అందుకే అంత చలిలోనూ గడ్డకట్టదు. లోపల గాలి తగలనంతసేపు రంగు ఉండదు, బయటికొచ్చి ఆక్సిజను తగిలితే తుప్పు రంగు. ఇది మాత్రం బడిలో చక్కగా చూపించొచ్చు. రెండు గాజు సీసాలు తీసుకో. ఒకదాంట్లో మూడు ఇనుప మేకులు, 200 మిల్లీలీటర్ల మామూలు నీళ్లు, రెండు చెంచాల ఉప్పు వేసి మూత తీసిపెట్టు. రెండోదాంట్లో అవే మేకులు, అంతే ఉప్పు, కానీ నీళ్లు పది నిమిషాలు కాచినవి. వేడి తగ్గకముందే పోసి, పైన అర సెంటీమీటరు శెనక్కాయ నూనె పోసి కదిలించకుండా ఉంచు. నాలుగైదు రోజుల్లో మొదటి సీసా ఎర్రబారుతుంది, రెండోది దాదాపు అట్లే ఉంటుంది. ఇది తప్పేది రెండు చోట్ల. అంగట్లో తెల్లగా మెరిసే మేకులకు జింకు పూత ఉంటుంది, అవి తుప్పు పట్టవు, నల్ల మేకులు అడుగు. వాటికీ నూనె జిడ్డు ఉంటుంది, గరుకు కాగితంతో రుద్ది సబ్బుతో కడిగించు. కాచిన నీళ్లు మేకుల సీసాలో పోసేది నువ్వే, పిల్లల చేత వద్దు.

ఇక తీసెయ్యాల్సినవి. పంటచేలో వలయాలు మనుషులే వేసినారని ఇంగ్లండులో ఇద్దరు 1991లో ఒప్పుకున్నారు. లద్దాఖ్‌లో బండ్లు తమంతట తామే ఎగువకు పోయినట్టు కనపడే అయస్కాంత కొండ కంటి మోసం. చుట్టూ కొండలు అడ్డమై అసలు మట్టం ఎక్కడుందో కంటికి అందదు, పల్లం ఎగువలాగా కనపడుతుంది. అయస్కాంతం అయితే అల్యూమినియం చెంబు ఎట్లా దొర్లుతుంది అని అడుగు చాలు. బొలీవియాలో నీళ్లు నిలిచి అద్దంలా మెరిసే ఉప్పు మైదానం అందంగా ఉంటుంది నిజమే, కానీ పలచటి నీళ్లలో ఆకాశం కనపడటం మన వంకలో కూడా చూస్తారు. కేరళ ఎర్రవాన, 2001లో కురిసింది, అది ఒక నాచు బీజాల రంగని తేలింది. మూల జాగా మిగిలితే పెట్టు.

నువ్వు రాయని నాలుగోది నీ పక్కనే ఉంది. బేలుం గుహలు, 3,229 మీటర్ల పొడుగు. వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని పులిసి, సున్నపురాయిని కరిగించుకొని కిందికి దిగుతుంది. గుహ పైకప్పున బొట్టు ఆగినప్పుడు ఆ వాయువు పోతుంది, కరిగిన సున్నం అక్కడ మిగులుతుంది. బొట్టు మీద బొట్టు, ఊడలాగా దిగుతుంది. పిల్లలకు నమ్మకం కుదరాలంటే వంటింటి కడప బండ చాలు, అదీ సున్నపురాయే. నిమ్మరసం పడి మచ్చ అయిన చోటు ప్రతి ఇంట్లో ఉంటుంది, అది రాయి కరిగిన గుర్తు. మెరుగు పెట్టిన పైభాగం మీద నురుగు కనపడదు. విరిగిన ముక్కను పొడికొట్టి, ఆ పొడి మీద నిమ్మరసం పిండమను.

ఐదోది నువ్వు మరిచిపోయింది, ఇంకో మూడు వారాల్లో మీ మిద్దె మీదికే వస్తుంది. కర్కట, మకర రేఖల మధ్య ఉండే ఊళ్లకు ఏడాదికి రెండు రోజులు నడిమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా నిలబెట్టినదాని నీడ మాయమవుతుంది. మీ కర్నూలుకు మొదటిది మే మొదటి వారంలో అయిపోయింది. రెండోది ఆగస్టు 8, 9. మీకు 12 గంటల 23 నిమిషాలకు. గడియారంలో పన్నెండు కొట్టినప్పుడు కాదు, ఇది పిల్లలకు ముందే చెప్పు. మన దేశం గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, మనం దానికి పడమరన ఉన్నాం, ఆలస్యం ఎక్కువగా అందుకే.

ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ పైపు ముక్క అంగట్లోనే మిషనుతో కోయించు. ఇంట్లో రంపంతో కోస్తే అంచు వంకర పోతుంది. తెల్ల చార్టు మీద నిలబెట్టి 12 గంటలకు మొదలుపెట్టండి. అప్పుడు నీడ పడమరకు దాదాపు 3 సెంటీమీటర్లు ఉంటుంది. ఐదు నిమిషాలకొకసారి నీడ కొసన చుక్క పెట్టించు. అసలు పొరపాటు జరిగేది నేల దగ్గర. మిద్దెకు వాననీళ్లు పోవడానికి వాలు పెట్టి ఉంటారు. ఒక్క డిగ్రీ వాలితే 30 సెంటీమీటర్ల పైపుకు 5 మిల్లీమీటర్ల నీడ వస్తుంది. తారీఖు ఒక రోజు తప్పితే వచ్చేది ఒకటిన్నర మిల్లీమీటరే. అందుకని తారీఖు కన్నా మట్టం ముఖ్యం. బల్ల వేసి, మేస్త్రీ రసమట్టం రెండు వైపులా పెట్టి చూసి, కాళ్ల కింద అట్టముక్కలు దూర్చు. మబ్బు పడుతుందేమో, 8, 9, 10 మూడు రోజులూ ఖాళీ పెట్టుకో. సరిగ్గా ఆ వేళకు కూడా పైపు చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటరు దాకా మసక ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పు బిళ్ల. ఎవర్నీ తలెత్తి చూడనివ్వద్దు.

9న నేనిక్కడ ఇంకో పని చేస్తా. అనంతపురం మీకన్నా 1.15 డిగ్రీలు దక్షిణాన ఉంది, ఆ రోజు నా నీడ దక్షిణానికి పడుతుంది. రెండు మీటర్ల ఎత్తున అట్టకు చిన్న బెజ్జం పెట్టి, ఆ బెజ్జం నుంచే దారానికి గుండు కట్టి వేలాడదీస్తా. కర్ర నీడ కొస ఆ ఎత్తుకు మసకైపోతుంది. బెజ్జంలో నుంచి పడే గుండ్రటి వెలుగు మచ్చకు నడుమ కనుక్కోవడం తేలిక. గుండు కింది చుక్కకూ మచ్చ నడుముకూ 4 సెంటీమీటర్లు రావాలి. అట్లా వస్తే కోణం 1.15. ఉత్తర దక్షిణాలుగా మన రెండు ఊళ్ల మధ్య 127 కిలోమీటర్లు. 127ను 360తో గుణించి 1.15తో భాగిస్తే భూమి చుట్టుకొలత 39,757. బస్సు దారి కిలోమీటర్లు వేయొద్దు, అది వంకర. నేను 4 మిల్లీమీటర్లు తక్కువ కొలిస్తే లెక్క 44 వేలు దాటుతుంది, ఆ తప్పు కూడా బోర్డు మీద వేసి చూపించు. నీ దగ్గర నీడ పూర్తిగా పోకపోయినా ఎంతుందో రాసిపెట్టు, మనకు కావలసింది రెండు కోణాల తేడా.

నాకు నడిమధ్యాహ్నం నీకన్నా రెండు నిమిషాలు ఆలస్యం, 12:25. పన్నెండున్నరకు ఫోను చెయ్, పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకొని. మీ అంకె ముందు చెప్పించు, తర్వాత నాది చెప్తా.

నాయన

ఇది కూడా: రసమట్టం అద్దెకు తెస్తే, ఒకసారి పెట్టి చూసి, దాన్ని అటుది ఇటు తిప్పి అదే చోట మళ్లీ పెట్టు. బుడగ రెండుసార్లూ ఒకే చోట నిలవకపోతే ఆ మట్టమే తప్పు, మార్చి తెచ్చుకో.