యాంజియోగ్రామ్ అయ్యాక ఇంట్లో ఏం చేయాలి?

సంపాదకులకు,

గజ్జల్లోంచో మణికట్టులోంచో సన్నని గొట్టం పంపి, రంగు మందు ఎక్కించి గుండె రక్తనాళాలను చూసే యాంజియోగ్రామ్ ఎలా చేస్తారో ఆరోగ్య పేజీల్లో బొమ్మలతో సహా వస్తుంది. ఇంటికెళ్లాక సంగతి మాత్రం 'విశ్రాంతి తీసుకోండి' అన్న ఒక్క ముక్కతో సరి.

గొట్టం గజ్జల్లోంచి పంపితే కొన్ని గంటలు కాలు వంచకుండా వెల్లకిలా పడుకోబెడతారు. తల కూడా ఎత్తొద్దంటారు. ఎత్తితే పొట్ట కండరాలు బిగిసి ఆ ఒత్తిడి గజ్జల మీద పడుతుంది. ఇంటికొచ్చాక దగ్గినా తుమ్మినా అక్కడ అరచేత్తో అదిమి పట్టుకోవాలి. వారం దాకా ఐదు కిలోలు మించి ఎత్తొద్దు. చంటిపిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు. మణికట్టు అయితే నడకకు అడ్డు లేదు. కానీ సంచీ మోయకుండా జాగ్రత్తపడ్డవాళ్లే కుర్చీలోంచి లేస్తూ ఒంటి బరువంతా ఆ చేతి మీద మోపుతారు. రెండు రోజులు అది కూడదు.

రక్తం కారితే గుడ్డ మీద గుడ్డ చుడతారు. గుడ్డ రక్తాన్ని పీలుస్తుందే గానీ నాళాన్ని నొక్కదు, పైగా ఎంత పోతోందో కనపడనివ్వదు. గజ్జల్లో అయితే పడుకోబెట్టి, చిల్లు మీదా దానికి కాస్త పైనా కలిపి వేళ్లతో గట్టిగా నొక్కాలి. సూది ఏటవాలుగా దిగుతుంది కాబట్టి ధమనిలో చిల్లు చర్మం మీది దానికంటే ఎగువన ఉంటుంది. గడియారం చూసి 10 నిమిషాలు. ఆగిందో లేదోనని మధ్యలో వేలు తీస్తే అప్పుడే గడ్డకట్టిన రక్తం ఊడి మళ్లీ మొదటికొస్తుంది. ఎగజిమ్ముతున్నా, 10 నిమిషాలకీ ఆగకున్నా నొక్కిపట్టే అంబులెన్సు పిలిపించాలి.

కమిలిన మచ్చ తొడ కిందికి జారి, పచ్చబడి, రెండు వారాల్లో పోతే కంగారు లేదు. అక్కడ వాపు గడ్డలా పెరుగుతున్నా, ముట్టుకుంటే నాడిలా కొట్టుకుంటున్నా, చెయ్యో కాలో చల్లబడి తిమ్మిరెక్కినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. గజ్జల్లో చేయించుకున్నవారికి పైన చుక్క రక్తం లేకుండానే నడుము నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం వస్తే లోపల రక్తం పోతోందేమోనని అనుమానించాలి. పడుకుని పడుకుని పట్టేసిందనుకోవడం ప్రమాదం.

కమిలిందని భయపడి, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సొంతంగా మానొద్దు. స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) ఉంటే అది మూసుకుపోవచ్చు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌ను డాక్టరు ఆపమని ఉంటే, 48 గంటల తర్వాత క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకునే మళ్లీ మొదలుపెట్టాలి. ఎక్కించిన రంగు మందు మూత్రంలో పోతుంది, నీళ్లు బాగా తాగాలి. గుండె బలహీనత వల్ల నీటికి కొలత పెట్టినవారు మాత్రం దాన్ని దాటొద్దు.

డిశ్చార్జి కాగితం మీద రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అడిగి రాయించుకోండి.

— ఒక క్యాథ్‌ల్యాబ్ (యాంజియోగ్రామ్ చేసే విభాగం) నర్సు