మైకుసెట్టు ఆయనకు, మరికొందరికి

ఈ సాయంత్రం మా ప్రత్యేక పాఠశాల పిల్లలు 19 మంది పార్కులో ఆరుబయట కచేరీ చేశారు. వాళ్లకు సంగీతం నేర్పేది నేనే. ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఇది రాస్తున్నాను. కాళ్లు లాగుతున్నాయి, కళ్లు మండుతున్నాయి. అయినా రేపటిదాకా ఆగలేను.

ముందుగా మైకుసెట్టు ఆయనకు ధన్యవాదాలు. మీ పేరు అడగలేదు, క్షమించండి.

కచేరీ మొదలవబోతుండగా మైకు ఒక్కసారి కీచుమంది. కీబోర్డు వాయించే మా బాబుకు ఆటిజం ఉంది. పెద్ద శబ్దాన్నైనా ఓర్చుకుంటాడు, చెప్పకుండా వచ్చిపడే శబ్దాన్ని ఓర్చుకోలేడు. చెవులు మూసుకుని వేదిక కిందికి దూరిపోయాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని ఎంత పిలిచినా రాలేదు. జనం గడియారాలు చూసుకుంటున్నారు. ఆయన విసుక్కుంటారనుకున్నాను, అద్దె లెక్క గంటలకే కదా. ఆయన మాత్రం అన్నీ ఆపేసి, తీగలు వచ్చినంత దూరం మిక్సర్‌ను లాక్కొచ్చి గడ్డి మీద పెట్టి, తానూ బోర్లా పడుకున్నారు. నన్ను కీబోర్డు మీద ఒకే స్వరం నొక్కి పట్టుకోమన్నారు. వేదిక కింద నుంచి చిన్న వేలొకటి బయటికి వచ్చింది. దాన్ని మిక్సర్‌లో కీబోర్డు శబ్దం పెంచే, తగ్గించే మీట మీద ఆనించి, "ఇది నీది నాన్నా. కావాలంటే పెంచు, వద్దంటే తగ్గించు" అన్నారు. వెంట్రుకవాసి జరిపాడు. వెనక్కి లాగాడు. మళ్లీ జరిపాడు. ఏడోసారో ఎనిమిదోసారో తల కూడా బయటికి వచ్చింది.

కచేరీ అంతా ఆ ఒక్క మీట వాడిదే. మూడో పాటలో ఉన్నట్టుండి బాగా తగ్గించేశాడు. నాకు గుండె ఆగినంత పనైంది. చివర్లో డబ్బు లెక్కపెట్టి ఇస్తుంటే ఆయన అన్న మాట: "బాబు చెవి మంచిదమ్మా. అక్కడ కీబోర్డు నిజంగానే ఎక్కువైంది." జాలిపడేవాళ్లను చాలామందిని చూశాను. మా పిల్లవాడి నిర్ణయాన్ని తోటి పనివాడి నిర్ణయంగా చూసినవాళ్లు ఎవరూ లేరు. నోట్లు చేతిలోనే పెట్టుకుని ఏడ్చేశాను.

మావారికి, అమ్మకు, తోటి టీచర్లకు వేరే చెప్పాలా?

అనుమతి ఇచ్చిన కార్యాలయానికి కూడా కృతజ్ఞతలు చెప్పాలనే ఉంది, నోరు రావడం లేదు. వేదిక ఎత్తు 3 అడుగులు. చక్రాల కుర్చీలు ఎక్కడానికి అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు ఉండాలంటే 36 అడుగుల ర్యాంపు కావాలి. మూడు ఉత్తరాలు రాస్తే 8 అడుగుల చెక్క పలక ఒకటి పెట్టించి, "ఇద్దరు పట్టుకుని ఎక్కించండి" అన్నారు. దరఖాస్తులో శబ్దం ఎంత వస్తుందని అడిగే గడి ఉంది, పిల్లలు వేదిక ఎలా ఎక్కుతారని అడిగే గడి లేదు. ఐక్యరాజ్యసమితి 2006 నాటి వికలాంగుల హక్కుల ఒప్పందంలో 30వ అధికరణం సాంస్కృతిక జీవితం గురించే. ఎవరు చదివారో! చక్రాల కుర్చీల పిల్లలు నలుగురిని కింద వదిలి మిగతావాళ్లం ఎక్కడం ఇష్టం లేక, అందరం గడ్డి మీదే వాయించాం.

ఆ పలక వృథా కాలేదు లెండి. నేల మీద పరిచి ఒక చివర పెద్ద స్పీకరు పెడితే, రెండో చివర వినికిడి లేని మా డ్రమ్ము పిల్లలిద్దరూ ఉత్తికాళ్లతో నిలబడి, అదురును పాదాలతో పట్టుకుని ఒక్క దెబ్బ తప్పకుండా వాయించారు.

అయ్యో, చప్పట్లకు బదులు చేతులెత్తి వేళ్లు ఆడించమని జనానికి నేర్పిన కాలేజీ పిల్లలను మరిచాను! చక్రాల కుర్చీలను గడ్డిలో తోసినవాళ్లకూ ధన్యవాదాలు. చినుకులు పడినప్పుడు కీబోర్డు మీద నల్ల గొడుగు పట్టిన అమ్మా, మీ గొడుగు మా దగ్గరే ఉండిపోయింది.