రైతు పాలకు రోజూ పరీక్ష, మనం కొనే పాలకు ఎప్పుడు?

సంపాదకులకు నమస్కారం.

మాది పరకాల దగ్గర పల్లె, ఉండేది హన్మకొండలో. ఊళ్లో మా అన్న రెండు బర్రెలు పెట్టుకుని పాల కేంద్రానికి పాలు పోస్తాడు. రెండు పూటలా అతని పాలు మిషన్‌లో చూస్తారు, ఫ్యాట్ ఒక్క పాయింట్ తగ్గినా అక్కడికక్కడే చీటీలో రేటు కోస్తారు. అది సరే. కానీ అవే పాలు పల్లె దాటి పట్నంలోకి వచ్చాక చూసేవాళ్లెవరు?

పోయిన మే నెలలో మా ఇంట్లో క్యాన్ పాలు కాచడం మర్చిపోయి గిన్నె అట్లనే వంటింట్లో ఉంచేశాం. ఆ ఎండకు మధ్యాహ్నానికే విరిగిపోవాల్సిన పాలు రాత్రి కాచినా విరగలేదు. తోడు పెడితే తెల్లారినా పేరుకోలేదు, గిన్నె వంచితే నీళ్లలా జారిపోయింది. పాలు పాడుకాలేదని మా ఆవిడ సంతోషపడింది కానీ నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే పులవకుండా హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుపుతారని, పులిసిన సంగతి తెలియకుండా సోడా వేస్తారని చదివి ఉన్నాను. పిల్లలు తాగే పాలు అవి. పరీక్ష చేయిద్దామంటే ఎక్కడికి పోవాలో అడిగిన నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు.

దేశంలో పాలన్నీ విషమేనని వాట్సాప్‌లో తిరిగే మాటలు నేను నమ్మను. 2018లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతా 6,432 శాంపిళ్లు పరీక్షిస్తే ప్రమాదకరమైన కల్తీ దొరికింది 12 శాంపిళ్లలోనే. కానీ ఆ 12లో 9 మన తెలంగాణవే! ఆ లెక్క చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

చట్టం లేదా అంటే ఉంది. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం శాంపిల్ అందిన 14 రోజుల్లో ల్యాబ్ రిపోర్టు ఇవ్వాలి. ఫీజు కట్టి మనలాంటి కొనేవాళ్లు కూడా పరీక్ష చేయించుకోవచ్చు, తప్పు తేలితే ఆ ఫీజు వాపసు వస్తుంది. ఈ సంగతి మా కాలనీలో ఒక్కరికీ తెలియదు. దసరాకో దీపావళికో స్వీటు షాపుల్లో కోవా, నెయ్యి శాంపిళ్లు తీశారని ఫొటోలతో సహా పేపర్లో వస్తుంది, ఆ తర్వాత రిపోర్టు ఏమొచ్చిందో, ఎవరికి ఎంత జరిమానా పడిందో నాకైతే ఎక్కడా కనిపించలేదు.

కలెక్టర్ గారిని, ఫుడ్ సేఫ్టీ అధికారులను నేను కోరేది ఇది. పల్లెలో పాల కేంద్రంలో ఉన్నలాంటి మిషన్ ఒకటి రైతు బజారులో పెట్టండి, ఎవరి పాలు వాళ్లు తెచ్చి చూపించుకుంటారు. తీసిన ప్రతి శాంపిల్ రిపోర్టు షాపు పేరుతో సహా డివిజన్ ఆఫీసు గోడకు అంటించండి. ఇంకొక్క మాట, మా వీధికి పాల క్యాన్లు పొద్దున ఐదున్నరకు వచ్చి ఏడింటికల్లా ఖాళీ అయి వెళ్లిపోతాయి, శాంపిల్ కోసం పదకొండింటికి వస్తే దొరికేది కడిగిన క్యాన్లే.

- ఒక పాఠకుడు, హన్మకొండ