కారు కొన్న బిడ్డకు

ఉప్పల్, హైదరాబాద్

బిడ్డా,

మొన్న ఫోన్‌లో "ఎండాకాలం ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే పేలుతుందట కదా బాపూ, సగమే పోయించుకుంటున్నా" అన్నావు. మీటింగుందని వెంటనే పెట్టేశావు కానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్లు పెట్రోల్ బంకులో క్యాష్ చూసినవాణ్ణి, నా బిడ్డకే ఈ సంగతులు చెప్పలేదే అనిపించింది.

ఆ మెసేజ్ ఎండలు ముదిరితే చాలు, ఇండియన్ ఆయిల్ పేరు పెట్టుకుని వాట్సాప్‌లో తిరుగుతుంది. అది తప్పని, కారు తయారుచేసినవాళ్ళు చెప్పిన మేరకు ఏ కాలంలోనైనా నింపుకోవచ్చని ఆ కంపెనీయే ప్రకటించింది. పెట్రోల్ తనంతట తాను అంటుకోవాలంటే దాదాపు 250 డిగ్రీల వేడి కావాలి. మన మే నెల ఎండ దానికి ఏ మూలకూ చాలదు. నిప్పు తగిలితే మాత్రం ఎండతో పనిలేదు. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి దాని నుంచి లేస్తుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు, అందుకే పైకి పోకుండా మన చెప్పుల దగ్గరే పాకుతుంది. మధ్యాహ్నం పూట పెట్రోల్ పోసే గన్ పెట్టిన ట్యాంకు మూతి దగ్గర గాలి సన్నగా వణుకుతుంటుంది, దూరం నుంచే గమనించు. నువ్వు భయపడాల్సింది ఆ ఆవిరికి.

ట్యాంక్ నింపించు, కానీ గన్ టక్‌మని ఆగాక "రౌండ్ ఫిగర్ చెయ్యి అన్నా" అనకు. ఆ పైన పోసేది పొర్లుతుంది, లేదంటే ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి పోయి దాన్ని పాడుచేస్తుంది.

నేను కళ్ళారా చూసిన మంట అలాగే పుట్టింది. బైక్ మీద వచ్చిన ఒక పిల్లవాడు నిండాక ఇంకో ఇరవై రూపాయలది పోయించుకున్నాడు. పొర్లి, కాలుతున్న సైలెన్సర్ మీద పడి భగ్గుమంది. భయంతో వాడే గన్ బయటికి లాగేశాడు. లాగిన దారంతా చుక్కలు, ఆ చుక్కల వెంట మంట. మావాళ్ళు మెయిన్ స్విచ్ ఆపారు, నేను ఇసుక బకెట్ కుమ్మరించాను. ఎవరో నీళ్ళు తెస్తుంటే కేకలేసి ఆపాం. నీళ్ళు పోస్తే పెట్రోల్ వాటి మీద తేలి ఇంకా దూరం పాకుతుంది. ఆ పిల్లవాడి ప్యాంటు కాలి పిక్కకు అతుక్కుపోయింది. ఆ వాసన నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అలాంటిది జరిగితే గన్ ముట్టుకోకు, కారులో బ్యాగు కోసం చూడకు. పాపను ఎత్తుకుని, అత్తమ్మను దించి, కేకలేస్తూ దూరంగా పో.

బంకులో ఫోన్ వాడితే అంటుకుంటుందా అని కూడా అడిగావు. అమెరికాలో పెట్రోలియం ఎక్విప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ బంకుల్లో మంటల కేసులు పోగుచేసి చూస్తే, ఫోన్ వల్ల అంటుకున్నట్టు ఒక్కటీ తేలలేదు. చాలావాటిలో మనిషి గన్ పెట్టి, కారులో కూర్చుని, మళ్ళీ దిగి గన్ పట్టుకున్నాడు. సీటుకు బట్టలు రాసుకుని ఒంట్లో చేరిన స్టాటిక్ కరెంటు అక్కడ చిటుక్కుమంది. పొడిగాలి రోజుల్లో కారు తలుపు ముట్టుకుంటే చుర్రుమంటుందే, అదే. ట్యాంకర్ లారీ వస్తే మేం పైపు బిగించేముందు ఎర్తింగ్ క్లిప్పు తగిలించేది కూడా ఆ కరెంటు నేలలోకి పోవడానికే. మన దగ్గర బంకు కుర్రాళ్ళే పోస్తారు కాబట్టి నీకు ఆ బెడద తక్కువ. డల్లాస్‌లో తమ్ముడు తనే పోసుకుంటాడు, వాడికి చెప్పు. పోసేటప్పుడు మళ్ళీ కారెక్కొద్దు, ఎక్కినా గన్ పట్టేముందు దూరంగా ఉన్న ఇనుము ఏదైనా ముట్టుకోమను. ఫోన్ మాత్రం నువ్వు బ్యాగులోనే ఉంచు. బోర్డు మీద వద్దని రాసినప్పుడు బంకు కుర్రాడితో వాదన పెట్టుకోకు, డబ్బులు గన్ తీశాక పక్కకు వచ్చి కట్టు.

పాపకు ఉక్కపోస్తుందని ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచుతావని అల్లుడు చెప్పాడు. అది మానెయ్యి. రెండు నిమిషాలు అద్దాలు దించితే సరిపోతుంది. ఎవరి బండో ఆగిందని నీళ్ళ బాటిల్‌లో పెట్రోల్ పట్టించి కారులో పెట్టుకోకు. ఆ మూతలు ఆవిరిని ఆపలేవు.

ఈసారి పోయించుకునేటప్పుడు, పంపులన్నీ ఆపేసే ఎమర్జెన్సీ స్విచ్ ఎక్కడుందో అక్కడివాళ్ళను అడిగి చూసుకో. చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ బాపు