ఆల్బమ్‌లు ఎందుకు ఆలస్యమయ్యాయంటే: మా కస్టమర్లకు ఉన్నమాట

మా స్టూడియోను నమ్మి మీ ఇంటి శుభకార్యాలు అప్పగించిన అందరికీ నమస్కారం.

ఈ ఏడాది, అంటే 2026లో, ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా మేం తీసిన పెళ్ళిళ్ళలో 14 ఆల్బమ్‌లు, 9 వీడియోలు ఇంకా మీ చేతికి అందలేదు. పెళ్ళయిన 45 రోజుల్లో ఇస్తానని రసీదు మీద రాసి సంతకం పెట్టింది నేనే. కొందరికి ఆ గడువు దాటి నెల పైనే అయింది. మొదట్లో ఫోన్ చేసినవాళ్ళకి "రెండు రోజుల్లో అయిపోతుందండీ" అని చెప్పాను. ఆ తర్వాత చెప్పడానికి మొహం చెల్లక కొన్ని ఫోన్లు ఎత్తలేదు. ఆలస్యం కంటే ఆ ఫోన్లు ఎత్తకపోవడమే పెద్ద తప్పని ఇప్పుడు నాకు తెలుస్తోంది. క్షమించండి.

మొన్న గురువారం పాతపట్నం నుంచి సరిహద్దు దాటి ఒక మామ్మగారు ఒడిశాలోని మా పర్లాకిమిడి షాపుకి వచ్చారు. ఎండలో వచ్చి, బల్ల మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, నా మొహంలోకి చూసి ఒకటే అడిగారు: "మా మనవరాలి పెళ్లి ఫొటోలు ఉన్నాయా, పోనాయా? అది సెప్పు బాబూ ముందు. ఆలీసమైతే అవనీ." ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆ రాత్రే ఇది రాయాలని కూర్చున్నాను. ఇదే సంగతి ఒడియాలో కూడా రాసి షాపు తలుపు మీద అతికించాను.

కాబట్టి ముందు మామ్మగారి ప్రశ్నకే జవాబు. మీ ఫొటోలు, వీడియోలు ఒక్కటి కూడా పోలేదు. పాడైంది నా లాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ చిప్. అది బొమ్మను తెర మీద గీసే పని, వీడియోకి లెక్కలు కట్టే పని చేస్తుంది. ఫొటోలు దాచుకునే చోటు అది కాదు. పెళ్ళి నుంచి రాగానే కెమెరా కార్డులను రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కిస్తాం. ఒకటి షాపులో ఉంటుంది, రెండోది మా ఇంట్లో బీరువాలో ఉంటుంది. ఈ పద్ధతిని ఏ సీజన్‌లోనూ తప్పలేదు. ఎవరికైనా అనుమానం ఉంటే పెన్‌డ్రైవ్ తీసుకురండి, మీ ఫొటోలన్నీ ఎడిటింగ్ లేకుండా ఉన్నవి ఉన్నట్టు ఎక్కించి ఇస్తాను. దానికి డబ్బులేమీ అక్కర్లేదు.

ఇక జరిగింది మొదటి నుంచి చెప్తాను.

ఈ లాప్‌టాప్ 2017లో కొన్నది. తొమ్మిదేళ్ళు నాకు అన్నం పెట్టింది. ఈసారి శుక్ర మూఢం పోయేదాకా ముహూర్తాలు లేక, ఫాల్గుణంలో పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. పగలు ఫొటోలు, రాత్రి వీడియోలు, మెషిన్‌కి విశ్రాంతి లేదు. మార్చిలో ఒక రాత్రి పెళ్ళికూతుర్ని చేసిన ఫొటో సరిచేస్తున్నాను. అమ్మాయి బుగ్గ మీద పసుపు పెద్దది చేసి చూస్తుంటే, ఆ పసుపు మధ్యలో ఆకుపచ్చ చదరాలు కనిపించాయి. చిన్న చిన్న గళ్ళు, చదరంగం బల్ల మీద ఉన్నట్టు వరసగా. నా గుండె ఆగినంత పనైంది. ముందు నా అనుమానం కెమెరా కార్డు మీదకే పోయింది. అదే ఫైలు ఫోన్‌లోకి పంపి చూశాను, శుభ్రంగా ఉంది. హార్డ్ డిస్కును మా తమ్ముడి లాప్‌టాప్‌కి తగిలించి చూశాను, అక్కడా బాగుంది. అప్పుడు కాస్త ఊపిరి తీసుకున్నాను. ఫొటోలో లోపం లేదు, గీసే చెయ్యి వణుకుతోంది.

వారం తిరగకుండా వీడియోలు రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా మార్చే పని) మధ్యలో ఆగడం మొదలైంది. తెర ఒక్క క్షణం నల్లబడి, డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయి మళ్ళీ కోలుకుందని ఒక మెసేజ్ వచ్చేది. డ్రైవర్‌ని, అంటే చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని, పూర్తిగా తీసేసి కొత్తది వేశాను, మారలేదు. వెనక మూత విప్పి చూస్తే ఫ్యాన్ పక్కనున్న రాగి రేకుల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది. అదంతా దులిపి, చిప్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు (వేడిని బయటికి లాగే పూత) తుడిచి కొత్తది రాశాను. 94 డిగ్రీల దాకా పోయే వేడి 78కి దిగింది. ఆకుపచ్చ చదరాలు మాత్రం పోలేదు. ఏటా చేయాల్సిన ఆ శుభ్రం మూడేళ్ళుగా చేయలేదు. ఆ బాధ్యత నాదే.

మామూలు కంప్యూటర్‌లో అయితే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంటుంది, పీకేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. లాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ చిప్‌ని మదర్‌బోర్డు మీదే అతికించేస్తారు. అడుగున వందల కొద్దీ చిన్న చిన్న టంకం గుండ్లు ఉంటాయి. పక్క పట్నంలో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్తే, "రీబాలింగ్ చేస్తాం, కొత్తదానిలా అయిపోతుంది" అన్నారు. అంటే ఆ గుండ్లు తీసేసి కొత్తవి వేయడం. 4,500 రూపాయలు తీసుకున్నారు. మూడో రోజు మెషిన్ తిరిగొచ్చింది. చదరాలు లేవు. నేను ఎంత సంతోషపడ్డానంటే, అప్పుడే ఇంకో మూడు పెళ్ళిళ్ళకి అడ్వాన్సు తీసుకున్నాను. సరిగ్గా 22 రోజులు నడిచింది. ఏప్రిల్ మధ్యలో ఒక పొద్దున్న ఆన్ చేస్తే డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా) గ్రాఫిక్స్ పేరు పక్కన పసుపు త్రికోణం, కింద కోడ్ 43. అంటే ఆ పరికరంలో లోపం ఉందని చెప్పి విండోస్ దాన్ని ఆపేసింది. మళ్ళీ ఆ షాపుకి ఫోన్ చేస్తే, "వేడి చేసిన దానికి గ్యారంటీ ఉండదు" అన్నారు. వేడి చేశామన్న మాట నేను వినడం అదే మొదటిసారి.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్తాను. మీ పిల్లల లాప్‌టాప్‌లు కూడా చాలావరకు పాతవే, రేపు మీకూ ఈ అవసరం రావచ్చు. ఆన్ చేసినప్పుడల్లా చిప్ వేడెక్కుతుంది, ఆపితే చల్లారుతుంది. ఏళ్ళ తరబడి ఇలా సాగి ముడుచుకుని లోపలి అతుకులు నెర్రెలిస్తాయి. ఆ నెర్రె చాలాసార్లు చిప్‌కీ బోర్డుకీ మధ్యనున్న గుండ్లలో ఉండదు. చిప్ లోపల, సిలికాన్ ముక్కకీ దాని పీఠానికీ మధ్య ఉండే ఇంకా సన్నని అతుకుల్లో ఉంటుంది. హాట్ గన్‌తో కాలిస్తే ఆ నెర్రె కొన్నాళ్ళు కలుసుకుంటుంది, మళ్ళీ విడిపోతుంది. అడుగు గుండ్లు మార్చినంత మాత్రాన చిప్ లోపలి జబ్బు పోదు. ఇది చిన్న షాపులకే తెలిసిన రహస్యమేమీ కాదు. 2008 జులైలో ఎన్విడియా కంపెనీయే తన కొన్ని లాప్‌టాప్ చిప్‌ల ప్యాకేజీ పదార్థం బలహీనంగా ఉందని ఒప్పుకుని, రిపేర్లకూ మార్పిళ్ళకూ 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. నా మెషిన్ ఆ కాలంది కాదు, ఆ రకమూ కాదు. కానీ వేడికీ చల్లదనానికీ అతుకులు అలసిపోవడం అన్నిటికీ ఉన్నదే.

అందుకే ఎవరైనా మీ లాప్‌టాప్‌కి ఈ రిపేరు చెప్తే ఒక్క మాట గట్టిగా అడగండి: "చిప్ కొత్తది వేస్తున్నారా, ఉన్నదాన్నే కాలుస్తున్నారా?" కొత్త చిప్ వేస్తామంటే, ఖర్చు మెషిన్ విలువకి తగ్గట్టు ఉందో లేదో చూసుకోండి. కాలుస్తామంటే, ఫైళ్ళు బయటికి తీసుకోవడానికి దొరికే నాలుగు రోజుల గడువు అనుకోండి, అంతకంటే నమ్మకం పెట్టుకోకండి. నేను పెట్టుకున్నాను, దాని ఫలితం మీరు అనుభవిస్తున్నారు.

చివరికి దారి చూపించింది మా ఊరి కుర్రాడే, కాలేజీ పక్కన మొబైల్ రిపేర్లు చేసుకుంటాడు. "అంకుల్, ఇందులో ప్రాసెసర్‌తో పాటు వచ్చే ఇంటెల్ గ్రాఫిక్స్ కూడా ఉంది కదా, పాడైనదాన్ని ఆపేసి దీని మీద నడుపుకోండి" అన్నాడు. డివైస్ మేనేజర్‌లో పాడైనదాన్ని డిజేబుల్ చేశాడు, అయిదు నిమిషాల పని. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ రోజు నుంచి మెషిన్ మళ్ళీ నడుస్తోంది.

మరి నడుస్తుంటే ఆల్బమ్‌లు ఎందుకు ఇవ్వడం లేదని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న.

నా మోడల్‌లో బయటి మానిటర్‌కి వెళ్ళే హెచ్‌డీఎంఐ దారి ఆ పాడైన చిప్ గుండానే పోతుంది. చిప్ ఆగిపోయాక నేను రంగులు చూసుకునే పెద్ద మానిటర్‌కి సిగ్నల్ రావడం లేదు. లాప్‌టాప్ సొంత తెర నీలంగా ఉంటుంది, తల కొంచెం పైకెత్తితే ఒక రంగు, వంచితే ఇంకో రంగు. మన పెళ్ళిళ్ళలో తెలుపు చాలా ముఖ్యం. తెలుగువాళ్ళ పెళ్ళిలో మధుపర్కాలు, ఒడియావాళ్ళ పెళ్ళిలో తలమీద సోలతో (తెల్లటి బెండుతో) చేసిన ముకుటం. ఆ తెలుపు సరిగ్గా రాకపోతే మొహాలు, కుంకుమ, పసుపు ఏదీ సరిగ్గా రాదు. ఏప్రిల్ ఆఖర్లో తొందరపడి ఒక ఆల్బమ్ ఈ తెర మీదే చూసి విశాఖ ల్యాబ్‌కి పంపాను. 12×36 అంగుళాల సైజు, 30 షీట్లు. వచ్చాక విప్పి చూస్తే మధుపర్కాలు లేత గులాబీ రంగులో ఉన్నాయి, పెళ్ళికొడుకు మొహం ఎండదెబ్బ తగిలినట్టు ఎర్రగా ఉంది. ఆ ఆల్బమ్ వాళ్ళకి ఇవ్వలేదు. అది నా బల్ల కిందే ఉంది, కొత్తది నా ఖర్చుతో మళ్ళీ వేయిస్తాను. ఆ ఇంటివాళ్ళకి ఇప్పటికే ఫోన్ చేసి చెప్పాను. మీ ఇంట్లో అరవై ఏళ్ళు ఉండాల్సిన వస్తువుని అలాంటి తెర మీద చూసి ఇంకోసారి ప్రింటుకి పంపను.

వీడియోలది ఇంకో బాధ. ఇంతకు ముందు రెండు గంటల్లో అయ్యే రెండర్ ఇప్పుడు రాత్రంతా తీసుకుంటోంది, తెల్లవారి చూస్తే ఒక్కోసారి సగంలో ఆగి ఉంటుంది. రాత్రి రెండింటికి లేచి చూసుకుంటున్నాను.

పెళ్ళికార్డుల పని మాత్రం ఆగలేదు, ఆగదు కూడా. మన ఊళ్ళో కార్డు అంటే ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా. తెలుగుకి 'అను' ఫాంట్లు, ఒడియాకి 'ఆకృతి' ఫాంట్లు వాడి, రెండూ 2001 నాటి పేజ్‌మేకర్ 7 అనే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌లో చేస్తాం. దానికి గ్రాఫిక్స్ చిప్ అవసరం లేదు. ఇరవై ఏళ్ళ కార్డుల ఫైళ్ళన్నీ వీటిలోనే ఉన్నాయి, ఈ ఫాంట్లు లేని మెషిన్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. అందుకే ఈ లాప్‌టాప్‌ని పారేయను. అది ఇక కార్డులకే ఉంటుంది, ఇంటర్నెట్‌కి కలపను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, నా మెషిన్‌లోని ప్రాసెసర్‌ని విండోస్ 11 తీసుకోదు. దీని మీద ఇంకా డబ్బు పోయడం తప్పని నాకు అనిపించడానికి అదీ ఒక కారణం.

ఆల్బమ్‌లకీ వీడియోలకీ డెస్క్‌టాప్ కొంటున్నాను. లాప్‌టాప్ అయితే పెళ్ళివారింటికి మోసుకెళ్ళి అక్కడే ఫొటోలు చూపించే సౌకర్యం ఉండేది, అది పోతుంది. కానీ రేపు గ్రాఫిక్స్ కార్డు పాడైతే కార్డొక్కటే మార్చుకుంటాను, పని రెండు నెలలు ఆగదు. మెషిన్ మొత్తం 92,000 అవుతోంది. అక్టోబర్‌లో రావాల్సిన చీటీ ఈ నెలే పాడుకున్నాను, కొంత తగ్గించుకుని తీసుకోవాల్సి వచ్చింది. ఈ ఖర్చు ఎవరి బిల్లులోనూ కలపను. మీతో మాట్లాడుకున్న రేటే మీ రేటు.

ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది. మే 17 నుంచి జూన్ 15 దాకా పెళ్ళిళ్ళు లేవు, మన ఒడియావాళ్ళకీ మలమాసమే. ఆ నెల రోజులూ కార్డులు తప్ప కొత్త పని ఏదీ ఒప్పుకోను, మీ బాకీ పనే చేస్తాను. ఎవరి పెళ్ళి ముందయితే వాళ్ళది ముందు. ఫాల్గుణం పెళ్ళిళ్ళ ఆరు ఆల్బమ్‌లు మే నెలాఖరుకి ల్యాబ్‌కి వెళ్తాయి, చైత్రం, వైశాఖం పెళ్ళిళ్ళవి జూన్ 15 లోపు వెళ్తాయి. వీడియోలు కూడా అదే వరసలో. ప్రింటుకి పంపే ముందు ప్రతి ఇంటివాళ్ళనీ షాపుకి పిలుస్తాను, పెద్ద మానిటర్ మీద మొదటి పది షీట్ల రంగులు మీరు చూసి సరే అన్నాకే పంపుతాను.

ఇంక ఆగలేం అనుకునేవాళ్ళు మొహమాటపడకండి. ఆల్బమ్ కోసం ఇచ్చిన అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాను, మీ ఫొటోలన్నీ డిస్కులో ఇస్తాను, వేరే చోట చేయించుకోండి. దానివల్ల మన మధ్య ఏ పొరపొచ్చమూ రాదు. ఇద్దరు ఇప్పటికే అలా తీసుకున్నారు. ఆగేవాళ్ళకి ఒక 12×18 ఫొటో ఫ్రేము కట్టించి ఇస్తాను. ఆలస్యానికి అది సరిపోదని నాకు తెలుసు, అయినా తీసుకోండి.

ఫోన్ ఇక ఎత్తుతాను. పగలు పనిలో కుదరకపోతే రాత్రి ఎనిమిది దాటాక నేనే తిరిగి చేస్తాను.

వచ్చే బుధవారం షాపు మూసి ఉంటుంది. గుణుపురం బండికి విశాఖ వెళ్ళి డెస్క్‌టాప్ తెచ్చుకోవాలి. గురువారం పొద్దున్న మొదట తెరిచేది మామ్మగారి మనవరాలి ఫోల్డరే.