న్యూటన్‌లో ఇల్లు చూసే ముందు

ఒరేయ్ సుధాకర్,

అమెరికాలో మెన్నోనైట్ల మధ్య ఇల్లు కొనుక్కుని వాళ్లలో కలిసి బతకాలనుంది, ఏ ఊరు మంచిదని అడిగావు. పెన్సిల్వేనియాలో లాంకాస్టర్, ఇండియానాలో గోషెన్, కాన్సస్‌లో న్యూటన్ అని మూడు ఊళ్లు రాశావు. నా ఓటు న్యూటన్‌కే. ఎందుకో చెప్పే ముందు ఒక సంగతి తేలాలి.

మెన్నోనైట్లంటే, అంటే పెద్దయ్యాకే బాప్తిస్మం తీసుకునే ఆ క్రైస్తవ శాఖవాళ్లంటే, గుర్రబ్బగ్గీలు, ఆడవాళ్ల తలమీద తెల్లటి ముసుగు కళ్లముందు మెదులుతున్నాయన్నావు. అది వాళ్లలో ఒక పాయ మాత్రమే. లాంకాస్టర్ చుట్టుపక్కల పొలాల్లో ఉండే ఆ పాతకట్టు వాళ్లు ఇంట్లో జర్మన్ యాస మాట్లాడతారు, పిల్లల్ని ఎనిమిదో తరగతితో బడి మాన్పిస్తారు, పెళ్లిళ్లు తమవాళ్లలోనే చేసుకుంటారు. వాళ్ల పక్కన హాయిగా బతకొచ్చు. వాళ్లలో కలవాలనుకుంటే మాత్రం కష్టం. నీకు రోజూ తోడుగా ఉండేది కార్లు నడుపుతూ, కాలేజీల్లో పాఠాలు చెబుతూ, ఆస్పత్రుల్లో పనిచేసే మెన్నోనైట్లు. అందుకే ఊరు ఎంచుకునేటప్పుడు బగ్గీలు లెక్కపెట్టకు, మెన్నోనైట్ కాలేజీ ఉందా లేదా చూడు.

గోషెన్‌లో ఉంది. ఊరు కూడా చక్కనిది. కానీ ఆ జిల్లా అంతా ఆర్వీల మీద, అంటే ఇల్లులాగా తిరిగే బండ్ల తయారీ మీద నడుస్తుంది. జనం చేతిలో డబ్బు ఆడనప్పుడు ముందు మానేసేది అలాంటి కొనుగోళ్లే. 2009లో అక్కడ నిరుద్యోగం 20 శాతం దాకా వెళ్లింది. నీకు ఇంటి నుంచి చేసే ఉద్యోగమే అయినా, ఇల్లు అమ్మాల్సిన రోజు ఊరి పరిస్థితి నీ మీదా పడుతుంది.

ఇక న్యూటన్. జనాభా 2020 లెక్కల్లో సుమారు 18,600. దాన్ని ఆనుకునే నార్త్ న్యూటన్, అందులో 1887 నాటి బెతెల్ కాలేజీ. పెద్ద ఆస్పత్రులు, విమానాశ్రయం, గుడి, మన సరుకుల కొట్లు కావాలంటే దక్షిణాన 25 మైళ్లలో విచిటా. అన్నిటికంటే ముఖ్యం, ఉత్తరంగా అరగంట పైచిలుకు పోతే హిల్స్‌బరో. మీ పాలమూరు ఎం.బి. (మెన్నోనైట్ బ్రదరన్) చర్చికి అది దగ్గరి చుట్టం. మెన్నోనైట్ బ్రదరన్ వాళ్ల టేబర్ కాలేజీ 1908 నుంచి అక్కడే ఉంది. శంషాబాద్‌లో 1932లో పుట్టిన మానవశాస్త్రవేత్త పాల్ హీబర్ట్ చదివింది ఆ కాలేజీలోనే. ఒక్కటి గుర్తుపెట్టుకో: న్యూటన్ చుట్టూ చాలా చర్చీలు ఎం.బి. కావు, వేరే శాఖవి. 1860లోనే రెండూ విడిపోయాయి. మీవాళ్లు నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తే, ఆ చర్చీల్లో తలమీద పోయడం ఆనవాయితీ. మీ అమ్మకు ఇది పెద్ద విషయమే అవుతుంది, ముందే చెప్పి ఉంచు.

ఇంటి దగ్గర తొందరపడకు. ఆ నేలకు సుడిగాలి భయం నిజంగానే ఉంది. పక్కనున్న హెస్టన్‌ను 1990 మార్చి 13న అన్నిటికంటే తీవ్రమైన ఎఫ్5 సుడిగాలి చీల్చేసింది. కాబట్టి దాక్కోవడానికి నేల కింద గది, అంటే బేస్‌మెంట్, లేని ఇల్లు వద్దు. బేస్‌మెంట్ ఉన్నా గోడలు పరీక్షగా చూడు. అక్కడి బంకమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. సన్నటి నిలువు పగుళ్లు చాలా ఇళ్లలో ఉంటాయి. అడ్డంగా పగులు కనబడిందంటే మట్టి బయటినుంచి గోడను లోపలికి నెడుతోందన్నమాట. స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడకుండా సంతకం పెట్టొద్దు. నేలలోంచి ఇంట్లోకి చేరి ఊపిరితిత్తులకు చేటు చేసే రాడాన్ వాయువు పరీక్ష కూడా చేయించు. కిటికీలు మూసి పరీక్ష పరికరాన్ని కనీసం 48 గంటలు పెట్టాలి. లీటరుకు 4 పికోక్యూరీలు, అంతకు మించి వస్తే పైపు, ఫ్యాను బిగించి ఆ గాలిని బయటికి పంపాలి. ఆ ఖర్చు అమ్మేవాడితో పెట్టించుకోవచ్చు.

వడగళ్లు పైకప్పుల్ని తినేస్తాయి. కప్పు వేసి ఎన్నేళ్లయిందో అడుగు. ఇన్సూరెన్స్ కాగితంలో వడగళ్ల డిడక్టిబుల్ విడిగా ఉంటుంది, తరచుగా శాతంలో. 2 శాతమే కదా అనిపిస్తుంది. ఇంటికి 2,00,000 డాలర్ల బీమా ఉంటే మొదటి 4,000 నీ జేబులోంచే. పాత కప్పుకు కొత్త కప్పు ధర ఇస్తారా, తరుగుదల కోసేస్తారా అన్నది కూడా రాతలో చూసుకో. ఇంటిపన్ను లెక్క సుమారుగా ఇది: ఇంటి విలువలో 11.5 శాతం తీసుకుని, దానిమీద మిల్లు (వెయ్యి డాలర్లకు ఒక డాలరు) లెక్కన వేస్తారు. ఉదాహరణకు 160 మిల్లులనుకుంటే 2,00,000 ఇంటికి 23,000 మీద, ఏడాదికి 3,680 డాలర్లు.

రైలు పట్టాలు ఊరి నడిబొడ్డునే. రాత్రుళ్లూ గూడ్సులు పోతుంటాయి. నచ్చిన వీధిలో ఒక రాత్రి పడుకుని చూడు.

మనుషుల్లో కలవాలంటే ఆదివారం ఆరాధనకు వెళ్లొచ్చేస్తే సరిపోదురా. వాళ్లు చేతులతో పనిచేస్తూనే మాట్లాడతారు. ఎం.సి.సి. అనే వాళ్ల సహాయ సంస్థకు 1946 నుంచి మాంసం డబ్బాల్లో పట్టే లారీ ఒకటి ఉంది. చలికాలమంతా ఊరూరా తిరుగుతుంది. కోసేవాళ్లు, నింపేవాళ్లు, డబ్బాలకు లేబుళ్లు అంటించేవాళ్లు అంతా ఊరివాళ్లే, కూలి లేకుండా వస్తారు. పేరు ఇచ్చి ఒక పూట నిలబడు. మీ ఇంట్లో మాంసం ముట్టని చెల్లెలికి బొంతలకు ముడులు వేసే పని ఉంటుంది. సూదిలో దారం ఎక్కించడం వస్తే చాలు.

అందుకే మొదటి ప్రయాణం ఏప్రిల్‌లో పెట్టుకో. హచిన్సన్ ఊరి ప్రదర్శన మైదానంలో ఎం.సి.సి.కి డబ్బు కూడగట్టే రిలీఫ్ సేల్ జరుగుతుంది. బొంతల వేలం చూడు, వెరెనికె తిను. జున్నులాంటిది లోపల పెట్టిన కజ్జికాయలా ఉంటుంది, తీపి ఉండదు, పైన హామ్ గ్రేవీ పోస్తారు. గ్రేవీ వద్దంటే పక్కన పెట్టమను. మర్నాడు ఒక చర్చి, సోమవారం ఇళ్లు. రాడాన్ రిపోర్టు, ఇన్సూరెన్స్ కాగితం చేతికి రాగానే ఫొటో తీసి నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం.

నీ
రవి