గుండె దడ అన్నావే, దాని గురించి

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నెల రోజుల్లో పొట్ట మాయం చేసే మూలికల గుళికలు కొన్నావా? తిడదామనే కలం పట్టాను. కానీ నా బీరువా పై అరలో సగం వాడిన డబ్బా ఒకటి ఇంకా ఉంది, తిట్టే అర్హత నాకెక్కడిది?

దాని కథ నీకు చెప్పలేదు కదూ. రాత్రి పడుకునే ముందు వేడినీళ్లలో ఒక చెంచా పొడి. మూడో రోజుకే రెండు కిలోలు తగ్గాను. అద్దం ముందు పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, నన్ను చూసి నేనే మురిసిపోయాను. తెల్లవారుజాము నుంచి మరుగుదొడ్డిలోనే కాపురం పెట్టానన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు కాళ్లు పీకేస్తుంటే డబ్బా తిప్పి చదివాను. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, సునాముఖి. శుద్ధ విరేచనాల మందు! అది పనిచేసేది పెద్దపేగులో. తిన్నదాంట్లోని సత్తువ అంతకు ముందే చిన్నపేగులో ఒంటబట్టేసి ఉంటుంది. పోయినవన్నీ నీళ్లే. మానేసిన రెండు రోజులకు ఆ రెండు కిలోలూ బుద్ధిగా తిరిగొచ్చాయి.

నీ సీసా మీద గార్సీనియా అని ఉందన్నావు, అంటే ఒక పుల్లటి పండు తొక్క నుంచి తీసిన సారం. 1998లో అమెరికాలో దాన్ని 135 మంది మీద పరీక్షించారు. అందరికీ కేలరీలు తక్కువున్న ఒకే రకం ఆహారం. సగం మందికి అసలు గుళికలు, సగం మందికి ఉత్తుత్తివి. 12 వారాల తర్వాత చూస్తే అసలువి మింగినవాళ్లు సగటున 3.2 కిలోలు తగ్గారు, ఉత్తుత్తివి మింగినవాళ్లు 4.1 కిలోలు! అంత చిన్న తేడాకు అర్థమేమీ లేదని పరిశోధకులు తేల్చారు గానీ, నాకు మాత్రం నవ్వాగలేదు. ఇక నడుము దగ్గరే కరిగిస్తుందన్న మాట వదిలెయ్. కొవ్వు ముందు ఎక్కడ తగ్గాలన్నది నీ పుట్టుకా హార్మోన్లూ తేల్చుకుంటాయి, సీసా మీది బొమ్మ కాదు.

ఇదంతా సరదాకే రాసేవాణ్ని. కానీ చివర్లో ఒక ముక్క రాశావు చూడు, ఆకలి చచ్చిపోయిందనీ, రాత్రిళ్లు గుండె దడగా ఉంటోందనీ, అది నాకు నచ్చలేదు. గార్సీనియాకు అంత శక్తి లేదు. సిబుట్రమైన్ అనే మందుకు ఉంది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని 2010లో దాన్ని చాలా దేశాల్లో మార్కెట్ నుంచి తీసేశారు. ఆ తర్వాత కూడా ‘అచ్చంగా మూలికలే’ అని రాసిన గుళికల్లో అది రహస్యంగా కలిపి దొరికింది, ఒకసారి కాదు, ఎన్నోసార్లు. పేరు పట్టీలో ఉండదు, కాబట్టి నాలా భూతద్దం పెట్టి చదివినా లాభం లేదు.

మూలికే కదా అంటావేమో. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడడానికి వాడిన గుళికల్లో ఒక చైనా మూలికకు బదులు పొరపాటున అరిస్టొలోకియా అనే మొక్క కలిసింది. ఎంతోమంది ఆడవాళ్ల మూత్రపిండాలు పాడయ్యాయి.

నువ్వు ఈ రాత్రి నుంచే ఆపెయ్. సీసా మాత్రం పారెయ్యకు, రేపు పొద్దున్నే డాక్టరుకు చూపించు. రక్తపోటు మాత్ర వేసుకుంటున్నావు కదా, అదీ చెప్పు. చూపించాక నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా సరే. నా డబ్బా సంగతి అడగకు, ఉత్తరం పోస్టు చేసి వచ్చేటప్పుడు దాన్నీ చెత్తబుట్టలో వేసి వస్తాను.

నీ
(ఇంకా పొట్ట తగ్గని) మిత్రుడు